రోడ్డు ఊడిస్తే ఊపిరితిత్తులు బాగుపడవు

గాలి కాలుష్యం అనగానే మనకి ఢిల్లీ గుర్తొస్తుంది. నవంబరు రాగానే టీవీల్లో మసకబారిన ఇండియా గేటు, ముక్కులకి మాస్కులు, పిల్లల బడులకి సెలవులు. విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని అవి చూసి, మన ఊరు నయం అనుకుంటాం. పోల్చి చూస్తే నయమే. కానీ ఆ పోలికతో తృప్తిపడి, అడగాల్సిన ప్రశ్న అడక్కుండా ఉండిపోతున్నాం. గాలిని శుభ్రం చేస్తామని మన ఊళ్లలో పెడుతున్న ఖర్చు, మన గుండెనీ ఊపిరితిత్తుల్నీ దెబ్బతీసే కణాల మీదే పెడుతున్నారా? చాలామటుకు లేదు. దానికి కారణం అధికారుల బద్ధకమో డబ్బు లేకపోవడమో కాదు. లక్ష్యాన్నే తప్పు కణం మీద పెట్టుకున్నాం.

గాలిలో తేలే కణాల్ని రెండు కొలతలతో చెబుతారు. వ్యాసం 10 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా తక్కువ ఉన్నవన్నీ పీఎం 10. అందులోనే 2.5 మైక్రాన్లకి లోపున్నవి పీఎం 2.5. గుర్తుపెట్టుకోవడానికి తేలికైన సూత్రం ఒకటుంది: రాపిడితో పుట్టేది ఎక్కువగా ముతక ధూళి, మంటతో పుట్టేది ఎక్కువగా సన్న ధూళి. టైర్లు రోడ్డు మీది మట్టిని లేపినా, క్వారీలో రాయి పగిలినా, ఇసుక లారీ మీద పట్టా కప్పకుండా వెళ్లినా లేచేది ముతకది. చెత్త, బొగ్గు, డీజిల్, కట్టెలు, పిడకలు కాలితే వచ్చేది సన్నది. ముతక ధూళి చాలావరకు ముక్కులో, గొంతులో, పెద్ద శ్వాసనాళాల్లో ఆగిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి అదీ బాధే, దాన్ని తీసిపారేయడానికి లేదు. సన్నది మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్తుంది. వాటిలో మరీ చిన్నవి రక్తంలోకీ చేరతాయి. అందుకే దాని దెబ్బ ఊపిరితిత్తులతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు సీఓపీడీ, ఊపిరితిత్తుల క్యాన్సర్, మధుమేహం, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు, ఇన్నింటితో దానికి సంబంధం కనిపించింది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. అమెరికాలో ఆరు ఊళ్ల నుంచి ఎనిమిది వేల మందికి పైగా పెద్దవాళ్లని ఏళ్ల తరబడి గమనించి, 1993లో హార్వర్డ్ పరిశోధకులు ఫలితాలు ప్రచురించారు. పొగతాగడం వంటి తేడాల్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, అన్నిటికన్నా మురికి గాలి ఉన్న ఊళ్లో మరణాల రేటు శుభ్రమైన ఊరికన్నా 26 శాతం ఎక్కువ. ఆ తేడాతో గట్టిగా ముడిపడినవి సన్న కణాలు, సల్ఫేట్లు (గంధకం నుంచి పుట్టే లవణాలు). సల్ఫేట్ల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం బయటి గాలి కాలుష్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మన దేశంలో 2019లో బయటి గాలి, వంటింటి పొగ అన్నీ కలిపి 16.7 లక్షల మరణాలకి కారణమయ్యాయని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. దేశంలో ఆ ఏడాది మరణాల్లో అది దాదాపు 18 శాతం.

అమెరికా ఊళ్ల సంగతి మనకెందుకు అనేవాళ్ల కోసం హైదరాబాద్ పక్కనే చేసిన పని ఉంది. నగరం చుట్టుపక్కల 28 పల్లెల్లో మూడు వేలకి పైగా మందిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకి 33 మైక్రోగ్రాముల దగ్గర ఉంది. ఆ పల్లెల్లో సన్న ధూళి ఎక్కువ పీల్చేవాళ్లకి మెడలోని కెరోటిడ్ ధమని గోడ మందంగా ఉన్నట్టు తేలింది. గుండెజబ్బు, పక్షవాతం రాబోతున్నాయని చెప్పే తొలి గుర్తుల్లో అదొకటి. అదే సమూహం మీద చేసిన మరో అధ్యయనంలో ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉన్నట్టు కూడా కనిపించింది. ఇప్పుడు మన చట్టం చూడండి. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు 40 దాకా ఉండొచ్చు. అంటే ఆ పల్లెల గాలి చట్టప్రకారం సక్రమమైన గాలి. ధమని గోడలు మందమవుతున్న చోట కాగితం మీద ఉల్లంఘనే లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకం ఏడాది సగటుకి 5, ఒక రోజు సగటుకి 15. మన ప్రమాణాలు 40, 60. ఒకేసారి 5కి రావడం ఉత్తర భారతానికి ఇప్పట్లో సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. అందుకే ఆ సంస్థే 35, 25, 15, 10 అని మెట్లు పెట్టింది. మనం ఉన్నది మొదటి మెట్టుకి కూడా బయట. పదహారేళ్లు దాటింది, ఆ 40ని ఎవరూ కదిలించలేదు.

తెలుగు ఊళ్లకి ఇది ఇంకా ముఖ్యం కావడానికి ఒక కారణం ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సన్న ధూళికీ గుండెజబ్బుల ముప్పుకీ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. తక్కువ స్థాయిలో గీత నిటారుగా లేస్తుంది, ఎక్కువ స్థాయికి వెళ్లేకొద్దీ చదునవుతుంది. కాబట్టి 110 నుంచి 95కి దిగితే తగ్గే ముప్పు కన్నా, 40 నుంచి 25కి దిగితే తగ్గే ముప్పు ఎక్కువ. తగ్గించింది రెండు చోట్లా పదిహేను మైక్రోగ్రాములే. మన గాలి కొంత నయం కాబట్టి ఆగొచ్చు అనే వాదన ఇక్కడ తలకిందులవుతుంది. కొంత నయంగా ఉన్న ఊళ్లలోనే పెట్టే ప్రతి రూపాయికీ ఎక్కువ ఆరోగ్యం దక్కుతుంది.

ఫోన్లో కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకె ఈ సంగతిని దాచేస్తుంది. మన సూచీలో ఏక్యూఐ 100 అంటే పీఎం 2.5 రోజు సగటు 60. ఏక్యూఐ 200 అంటే 90, 300 అంటే 120. సూచీ 80 చూపించి ఆకుపచ్చ రంగు వచ్చిందంటే, ఆరోగ్య సంస్థ చెప్పిన 15కి మూడు రెట్ల పైన పీల్చుతున్నామన్నమాట. పైగా అది గడిచిన 24 గంటల సగటు. పొద్దున్నే ఆరింటికి వీధిలో చెత్త తగలబెట్టినప్పుడు గాలి ఎలా ఉందో అందులో కనబడదు, మధ్యాహ్నపు గాలితో కలిసి పలచబడిపోతుంది. నడకకి వెళ్లేవాళ్లు ఏక్యూఐ కాదు, ఆ గంట పీఎం 2.5 మైక్రోగ్రాముల్లో ఎంతుందో చూడాలి.

ఇక డబ్బు సంగతి. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో 130 దాకా నగరాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు సహా 13, తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, సంగారెడ్డి, పటాన్‌చెరు. దీనికి తోడు పది లక్షల జనాభా దాటిన నగరాలకి 2025-26 దాకా పదిహేనో ఆర్థిక సంఘం నిధులు వేరే. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆ జాబితాలోవి. పేపరు మీద బాగుంది. కానీ నగరం బాగుపడిందా లేదా అన్నది తేల్చే కొలబద్ద పీఎం 10. దాన్ని 40 శాతం దాకా తగ్గించాలన్నది 2025-26కి పెట్టిన లక్ష్యం. మంచి రోజుల లెక్కకి గీత ఏక్యూఐ 200 దగ్గర గీశారు. అంటే పీఎం 2.5 రోజు సగటు 85 ఉన్నా అది మంచి రోజు కిందే జమ.

మున్సిపల్ కమిషనరు స్థానంలో కూర్చుని ఆలోచించండి. పీఎం 10 తగ్గితే డబ్బొస్తుంది. దాన్ని తొందరగా తగ్గించే దారి రోడ్డు దుమ్ము. రోడ్డు ఊడ్చే యంత్రం కొంటే బిల్లు ఉంటుంది, ఫోటో ఉంటుంది, ఆర్నెల్లలో పని కనబడుతుంది. పక్క మండలంలో ఉన్న థర్మల్ కేంద్రం మీద కమిషనరుకి ఏ అధికారమూ లేదు. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వేసిన లెక్క చూస్తే ఆశ్చర్యం కలగదు: ఖర్చయిన సొమ్ములో 64 శాతం రోడ్డు దుమ్ము మీద, చెత్త, పంట వ్యర్థాల మంటల మీద పద్నాలుగున్నర శాతం, వాహనాల మీద పన్నెండున్నర పైచిలుకు, పరిశ్రమల మీద 0.61 శాతం.

పోనీ ఆ దుమ్ము పనైనా సరిగ్గా జరుగుతోందా? రోడ్డు ఊడ్చే యంత్రం పని చేయాలంటే రోడ్డు అంచు నుంచి కాలవ దాకా మట్టి కనబడకూడదు. మన ఊళ్లలో తారు అయిపోయిన చోట నుంచి మట్టి గట్టు మొదలవుతుంది. రాత్రి ఊడిస్తే, పొద్దున పది గంటలకల్లా ఆటోలు, బైకులు ఆ గట్టు మట్టిని మళ్లీ తారు మీదకి తెస్తాయి. యంత్రంలో నీళ్ల జల్లు పనిచేయకపోతే, ఫిల్టరు మూసుకుపోతే ముందు నుంచి పీల్చిన దుమ్మునే వెనక నుంచి గాల్లోకి వదులుతుంది. ముందు గట్టుకి పలకలు పరచాలి లేదా గడ్డి పెంచాలి, కట్టడాల దగ్గర ఇసుకా కంకరా కప్పించాలి, యంత్రం ఆ తర్వాత. మంచు తుంపరలు కొట్టే ఫిరంగి బండ్లదైతే ఇంకో సమస్య. వాటి నీటి బిందువులు సన్న ధూళి కణం కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. పెద్ద కణం బిందువుని గుద్దుకుని అతుక్కుంటుంది. చిన్న కణం గాలి వాలుతో పాటు బిందువు పక్క నుంచి జారిపోతుంది. వానకి కూడా 0.1 నుంచి 1 మైక్రాను మధ్య కణాల్ని కడగడం కష్టం. వాన చేయలేనిది ట్యాంకరు చేయదు. మే నెలలో చల్లిన నీళ్లు గంటలోపే ఆరిపోతాయి.

మరి సన్న ధూళి ఎక్కణ్ణుంచి వస్తోంది? మొదట కంటికి కనబడేది, చెత్త మంట. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని చెప్పింది. అయినా తెల్లవారుజామున వీధి చివర పొగ లేస్తూనే ఉంది. కార్మికుల్ని తిట్టేముందు ఎందుకు కాలుస్తున్నారో చూడాలి. ఊడ్చిన ఆకులు తీసుకెళ్లే బండి రాదు, కుప్ప మిగిలితే మేస్త్రీ ఊరుకోడు, అగ్గిపుల్ల చవక. తడి ఆకులు, ప్లాస్టిక్ కవర్లు కలిసిన కుప్ప మండదు, రగులుతుంది. అలా సగం కాలే మంట బాగా మండే మంట కన్నా చాలా ఎక్కువ కణాలు వదులుతుంది. పైగా అది శీతాకాలపు పొద్దు. రాత్రంతా నేల చల్లబడి, దాని మీద చల్లగాలి, ఆ పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. వేసవి మధ్యాహ్నం కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోయే పొగ, డిసెంబరు పొద్దున కొన్ని వందల అడుగుల్లోనే చిక్కుకుంటుంది. అదే కుప్ప, అదే పొగ, గాఢత ఎన్నో రెట్లు.

దీనికి పరిష్కారం పెద్ద సాంకేతికం కాదు. ప్రతి రెండు మూడు వీధులకో వలతో కట్టిన ఆకుల తొట్టి, వారానికోసారి పేడ నీళ్లు, పదిహేను రోజులకోసారి తిరగెయ్యడం. మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది. చాలాచోట్ల ఇది విఫలమైంది, కారణం ఒకటే. ఎండాకుల్లో నత్రజని తక్కువ, తడి ఉండదు. పేడ నీళ్లు మానేస్తే ఏడాదైనా ఆకులు ఆకుల్లాగే ఉంటాయి, చివరికి ఎవరో నిప్పు పెడతారు. ఒక స్వీపింగ్ యంత్రం డబ్బుతో ఎన్ని వార్డులకి ఈ ఏర్పాటు చేయొచ్చో కౌన్సిల్లో అడగండి.

డీజిల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (బళ్ల పొగకి పెట్టిన కొత్త ప్రమాణం) బళ్లు నిజంగా మెరుగు. ఇంధనంలో గంధకం 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) నుంచి 10కి దిగింది, డీజిల్ బళ్లకి పొగ వడకట్టే ఫిల్టరు వచ్చింది. చిక్కు ఎక్కడంటే, ఆ ఫిల్టరులో పేరుకున్న మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి అది రాదు. ఫిల్టరు మూసుకుపోతే కొందరు దాన్ని పీకించేస్తున్నారు. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష డీజిల్ పొగ నలుపుని కొలుస్తుందే తప్ప సన్న కణాల్ని లెక్కపెట్టదు. ఫిల్టరు తీసేసిన బండి కూడా అందులో గట్టెక్కొచ్చు.

అన్నిటికన్నా పెద్ద దోషం మాత్రం కంటికి కనబడనిది. బొగ్గులో గంధకం ఉంటుంది. మన బొగ్గులో తక్కువే, 0.5 శాతం అనుకుందాం. వెయ్యి టన్నుల బొగ్గులో 5 టన్నుల గంధకం, కాలితే 10 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. 500 మెగావాట్ల యూనిట్ పూర్తిగా నడిస్తే రోజుకి ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు మింగుతుంది. అంటే రోజుకి 70, 80 టన్నుల వాయువు. పరవాడ దగ్గర సింహాద్రి 2,000 మెగావాట్లు. దామరచర్ల దగ్గర యాదాద్రికి అనుకున్న సామర్థ్యం 4,000 మెగావాట్లు. ఇబ్రహీంపట్నం, కృష్ణపట్నం, ముద్దనూరు, రామగుండం, పాల్వంచ, మణుగూరు ఉండనే ఉన్నాయి.

ఈ వాయువు చిమ్నీలోంచి వచ్చేటప్పుడు కణం కాదు. గాలిలో గంటలు, రోజులు ప్రయాణిస్తూ ఆమ్లంగా మారి, పొలాల్లో చల్లిన యూరియా నుంచీ పశువుల పేడ నుంచీ వచ్చే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది. అది అచ్చమైన పీఎం 2.5. ఒక టన్ను వాయువు పూర్తిగా మారితే రెండు టన్నుల సన్న ధూళి. అంతా మారదు, కొంత దారిలో నేలకి దిగిపోతుంది. మారినంత మాత్రం వందల కిలోమీటర్లు వెళ్తుంది. ఊరి రోడ్లు ఎంత ఊడ్చినా దీన్ని తాకలేం.

2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలకి ఈ వాయువు మీద పరిమితులు పెట్టింది, రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువుని మళ్లీ మళ్లీ పొడిగించారు. 2025 జులైలో కేంద్రాల్ని ఎ, బి, సి అని విడదీసి, దాదాపు 78 శాతం యూనిట్లున్న సి వర్గానికి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి నుంచే మినహాయింపు ఇచ్చారు. చిమ్నీ ఎత్తు నిబంధనకి తగ్గట్టు ఉంటే చాలు. పది లక్షల జనాభా దాటిన నగరాలకి పది కిలోమీటర్లలోపున్నవి ఎ వర్గం, వాటికి 2027 చివరి దాకా గడువు. తీవ్ర కాలుష్య ప్రాంతాలకో ప్రమాణాలు అందుకోని నగరాలకో పది కిలోమీటర్లలోపున్న బి వర్గానికి ఒక్కోదానికి విడిగా నిర్ణయం.

ఈ మినహాయింపుకి చెప్పిన కారణాల్ని న్యాయంగా చూద్దాం. మన బొగ్గులో గంధకం తక్కువ. నిజం. కానీ శాతం తక్కువైనా కాల్చేది కోట్ల టన్నులు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ స్థాయిలు ప్రమాణం లోపలే ఉన్నాయి. నిజమే, అది వాయువుగా మిగలకుండా సల్ఫేట్‌గా మారిపోతోంది కాబట్టి. కొలిచే పెట్టెలో వాయువు కనబడనంత మాత్రాన అది పోయినట్టు కాదు, పీఎం 2.5 ఖాతాలో చేరినట్టు. చిమ్నీలు ఎత్తయినవి. ఎత్తయిన చిమ్నీ పక్క ఊరిని కాపాడి, దూరపు జిల్లాకి పంపుతుంది. గాలికి పది కిలోమీటర్ల హద్దు తెలియదు. ఇక ఆ వాయువుని తీసేసే శుద్ధి యూనిట్ పెడితే ఖర్చు, కర్బన ఉద్గారాలు పెరుగుతాయన్న కారణం. శుద్ధి యూనిట్‌లో సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి, పొగ పైకి లేస్తుంటే జల్లుతారు. అడుగున గాలి ఊదితే అది జిప్సంగా మారుతుంది, సిమెంటు ఫ్యాక్టరీలు తీసుకుంటాయి. సరిగ్గా నడిపితే 90 శాతానికి పైగా వాయువు పోతుంది. బదులుగా టన్ను వాయువుకి టన్నున్నర పైగా సున్నపురాయి, ఉత్పత్తయ్యే కరెంటులో ఒకటి ఒకటిన్నర శాతం సొంత వాడకం, 0.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. రోజుకి 80 టన్నుల వాయువుకి అది 56 టన్నులు. అదే యూనిట్ బొగ్గు కాల్చి వదిలే కార్బన్ డయాక్సైడ్ రోజుకి పది వేల టన్నుల స్థాయిలో ఉంటుంది. ఈ పోలిక తెలిసీ వాతావరణ మార్పు పేరు చెప్పి శుద్ధి మానుకోవడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇంటి పొగ మరవకూడదు. దీపం, ఉజ్వల పథకాలతో చాలా ఇళ్లకి గ్యాసు వచ్చింది. వంట గ్యాసు మీదకి మారినా పెరట్లో నీళ్ల పొయ్యి కట్టెలతోనే నడుస్తోంది, సిలిండరు స్నానాలకి ఖర్చు చేయలేరు కాబట్టి. ఆ పొగ ఇంట్లోనే కాదు, ఊరి గాలిలోకీ వెళ్తుంది. సబ్సిడీ లెక్కల్లో నీళ్ల పొయ్యి ఎక్కడా లేదు. మూసిన గదిలో దోమల కాయిల్ సంగతి కూడా చెప్పాలి: ఒక కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్న ధూళి వస్తుందని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. చంటిపిల్లలున్న గదిలో దోమతెరే మందు. ఎయిర్ ప్యూరిఫయర్ కొనేవాళ్లు ఒక లెక్క వేసుకోండి. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు గది దాదాపు 41 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు గాలి శుద్ధి కావాలంటే సీఏడీఆర్ (గంటకి ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె) కనీసం 205 ఉండాలి. తలుపు తీసి ఉంటే ఈ లెక్క పనికిరాదు.

ఇవన్నీ మీ ఊరికి ఎంత వర్తిస్తాయో మీరే చూసుకోవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో రాష్ట్రం, ఊరు, స్టేషను ఎంచుకుని, పీఎం 2.5, పీఎం 10 గంటల వారీ లెక్కలు ఏడాదికి దించుకోండి. ముందు ఖాళీలు చూడండి. నాలుగో వంతు కన్నా ఎక్కువ గంటలు లేకపోతే ఆ ఏడాది సగటుని నమ్మకండి. సగటు నేరుగా తీయొద్దు. డిసెంబరు, జనవరి అంకెలు ఎగిరిపోయి ఉంటే ఊరు ఉన్నదానికన్నా శుభ్రంగా కనబడుతుంది. నెలవారీ సగటులు తీసి వాటి సగటు తీయండి. గంటల తరబడి ఒకే అంకె ఉంటే యంత్రం ఇరుక్కుందని అర్థం. పీఎం 2.5 పీఎం 10 కన్నా ఎక్కువ చూపిస్తే ఆ గంటల్ని తీసేయండి, భాగం మొత్తం కన్నా పెద్దది కాలేదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తెల్లవారుజామున అంకె ఒక్కసారిగా ఎగిరితే, యంత్రం గొట్టంలోని హీటరు పాడై కణాలకి పట్టిన తేమని కూడా తూస్తోందేమో అనుమానించాలి.

తర్వాత పీఎం 2.5ని పీఎం 10తో భాగించండి. రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఒక లెక్క, పగటికి ఇంకోటి. 0.3 చుట్టుపక్కల ఉంటే మీ ఊరి సమస్యలో దుమ్ము పెద్ద వాటా, గట్లకి పలకలు అడగండి. శీతాకాలపు రాత్రుల్లో 0.6 దాటితే అది మంట నుంచీ వాయువు నుంచీ పుట్టిన ధూళి. అలాంటి ఊళ్లో కొత్త స్వీపింగ్ యంత్రానికి టెండరు పిలుస్తుంటే, ఈ ఒక్క నిష్పత్తిని కాగితం మీద రాసుకుని వార్డు సభ్యుల దగ్గరికీ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ వెళ్లండి. ఆ యంత్రం ఇందులో ఏ భాగాన్ని తగ్గిస్తుందో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.